చింతగింజల డబ్బా

ఆదివారం మొదటి పీరియడ్‌కే కడుపునొప్పులు వస్తాయి.
ఇక్కడ వారం ఆదివారంతో మొదలు.
అబ్బాసియాలో మా బడి, మూడంతస్తులు.
నా గది కింద, మెట్ల పక్కన:
ఒక మంచం, ఒక తూకం, గ్లూకోజు పొట్లాలు.
థర్మామీటర్ తొంభై ఎనిమిది దగ్గరే ఆగుతుంది,
ప్రద్యుమ్న మాత్రం ముడుచుకుని పడుకుంటాడు.

పదకొండో తరగతి.
వాళ్ళ నాన్నకు మీనా అబ్దుల్లాలో రాత్రి షిఫ్టు.
ఇల్లంటే ఒకే గది, మధ్యలో పూల కర్టెన్,
ఇటు పక్క ఫిజిక్సు, అటు పక్క నాన్న నిద్ర.
పేజీ తిప్పినా చప్పుడే, అంటాడు.
"ఎక్కడ నొప్పి?" అంటే
చెయ్యి కడుపు మీంచి లేచి
ఛాతీ దగ్గర కాసేపు తచ్చాడి
మళ్ళీ కడుపు మీదికే వచ్చేది.

మెట్ల కింద పాత క్రికెట్ ప్యాడ్ల కొట్టు ఉండేది.
ఎవరూ చెప్పకుండానే మస్తానమ్మ దాన్ని కడిగింది.
రాయచోటి మనిషి, ఈ బడి ఊడవను వచ్చి పంతొమ్మిదేళ్ళు.
చాప పరిచి, చెప్పులు బయటే అని వేలు చూపించింది.
గోడ మీద ఏమీ లేదు, మేకు ఊడిన గుర్తు తప్ప.
చాప మధ్యలో నిడో డబ్బా, దాన్నిండా
ఊర్నించి తెచ్చుకున్న చింతగింజలు.
"ఊపిరికొక గింజ తియ్యి నాయనా.
అయిపోతే మళ్లా ఎయ్యి. అంతే."

అంతేనా అంటే, కాదు.
తల్లిదండ్రుల మీటింగులో నలుగురు లేచి నిలబడ్డారు.
"ఎవరి ప్రార్థన అది?" అని ఒకాయన.
"మా పిల్లకు మా దేవుడున్నాడు" అని ఒకామె.
ఉన్నాడు. కాదన్నదెవరు?
ఆ చాప మీద రూతు పెదవులు కదులుతూనే ఉంటాయి,
సుమయ్యా వేలి కణుపులు లెక్కపెట్టుకుంటుంది,
ఒకడు ఏకంగా నిద్రపోతాడు, గురక కూడా.
నేనేం నమ్ముతానో నాకే సరిగ్గా తెలీదు.
నర్సుని. నేను పట్టుకున్నది నాడి ఒక్కటే.
నూట పన్నెండుతో లోపలికి వెళ్ళింది,
ఎనభై నాలుగుతో బయటికొచ్చింది.
ఆ మాటే చెప్పాను.
ప్రిన్సిపాల్ కళ్ళజోడు తుడుచుకున్నారు.
కొట్టుకు తాళం పడలేదు.

ఫిబ్రవరి చివర దుమ్ము లేచిన రోజు
కిటికీలన్నీ పసుపునీళ్ళలో ముంచినట్టయ్యాయి.
పక్క సందులోంచి అజాన్
ఇసకలో తడుముకుంటూ వచ్చింది.
ప్రద్యుమ్న గింజలు తియ్యలేదు.
గుప్పెడు పట్టుకుని, పట్టుకునే ఉండి,
"ఎవర్ని అడగాలో తెలీదు" అన్నాడు.
మస్తానమ్మ చీపురు గోడకానించింది.
"అడగొద్దులే. ఊరికే కూచ్చో. బువ్వ తిన్న్యావా?"
తినలేదు. రెండు రోజులుగా.
నిద్ర సంగతి సరేసరి.
ఇంకొకటి కూడా చెప్పాడు, చాపకేసి చూస్తూ.
అది ఇక్కడ రాయను.

దాన్ని చింతగింజలు మొయ్యలేవు.
నాకు తెలుసు, నాకంటే ముందు మస్తానమ్మకు తెలుసు,
"ఫోను చెయ్యి సిస్టరమ్మా" అంది గొంతు తగ్గించి.
సాల్మియాలో డాక్టరుకి చేశాను.
వాళ్ళ నాన్నకి చేశాను.
షిఫ్టు బట్టల్లోనే వచ్చాడాయన, బూట్ల నిండా దుమ్ము.
ఆ గడప ముందు లేసులు విప్పడానికి చాలాసేపు పట్టింది.
కొడుకు పక్కన చాప మీద చతికిలబడి
ఇదేంటి అని కూడా అడక్కుండా
డబ్బాలోంచి ఒక గింజ తీశాడు.
తర్వాత ఇంకొకటి.

ఆ రోజు రిజిస్టర్లో "ఇచ్చిన మందు" గడి
ఖాళీగా వదిలేశాను.

ఇప్పుడు వాడు పన్నెండు.
డాక్టరు దగ్గరికి పదిహేను రోజులకోసారి,
మా దగ్గరికి ఆదివారాలు, కొన్ని ఆదివారాలు రాడు కూడా.
నొప్పి పోయిందా అంటే భుజాలెగరేస్తాడు.

జూన్‌లో బడి మూసే ముందు డబ్బా బోర్లించాం.
సగానికి సగం లేవు.
పరీక్ష హాళ్ళలోకి, బస్సు సీట్ల సందుల్లోకి,
ఏ జేబుల్లోకో పోయినట్టున్నాయి.
అసలెన్ని తెచ్చావు, నూటెనిమిదా, నూరా అంటే
"లెక్క ఎవురు పెట్టినారు" అని నవ్వింది,
"ఊరికి పొయ్యినప్పుడు ఇంగో శేరు తెస్తాలే."

నా కోటు జేబులో ఒకటుంది.
ఆమెకు చెప్పలేదు.